ముందు బయటికొచ్చే తొవ్వ చూపెట్టుండ్రి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు అడవి గేటు రాత్రి తొమ్మిదికి బంద్ పెడితే పొద్దుగాల ఆరు దాకా తియ్యరు. పులుల అడవి మరి. అది నచ్చనోళ్లంత ఈ నడుమ ఒకటే ముచ్చట: హిమాచల్‌ల తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్ తవ్విండ్రు, మన నల్లమల కింద శ్రీశైలం దాకా రోడ్డు సొరంగం ఎందుకు తవ్వరు?

తవ్వొచ్చు. కానీ అటల్ టన్నెల్ ఫోటోలల్ల కనబడనిది ఒకటున్నది. బండ్లు పోయే రోడ్డు కిందనే ఇంకో సన్న సొరంగం ఉంటది, లోపల ఏమన్న అయితే జనం ఉరికి బయటపడేటందుకు. కాశ్మీర్‌ల చెనాని–నాష్రి టన్నెల్‌కైతే పక్కపొంటి ఇంకోటి తవ్వి, నడుమ నడుమ రెండిటినీ కలిపిండ్రు. ఉత్తరాఖండ్‌ల తవ్వుతున్న సిల్క్యార రోడ్డు సొరంగంల గసొంటి తొవ్వ కాయిదం మీద ఉండె, కొండల లేకుండె. 2023 నవంబర్‌ల కూలితే 41 మంది 17 దినాలు అండ్లనే ఉన్నరు. పెద్ద మిషన్ ఆగిపోతే ఆఖరికి చేతులతోని తవ్వేటోళ్లే పోయి తీసిండ్రు.

ఇగ మనది. ఎస్సెల్బీసీ, అంటే శ్రీశైలం ఎడమ గట్టు కాలువ నీళ్ల సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. మూతులు రెండే, ఇటు దోమలపెంట, అటు మన్నేవారిపల్లి. పైన అడవి కాబట్టి నడుమ తొవ్వ తియ్యలే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు 14 కిలోమీటర్ల లోపట కప్పు కూలింది. బురద, నీళ్లు, ముక్కలైన బోరింగ్ మిషన్. కాపాడెటోళ్లకు పోను ఒక్కటే దారి, అదే పూడిపోయింది. లోపట చిక్కిన ఎనిమిది మందిల ఇద్దరి శవాలే దొరికినయి. నాలుగు దినాలకే శివరాత్రి. అదే రోడ్డు మీద మనం కార్లల్ల శ్రీశైలం పోయినం.

ఆ నీళ్లు ఎవలికి? మనకే. ఫ్లోరైడ్‌తోని నడుము వంగిన నల్లగొండకు. పానాలు పోయింది జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూ పిల్లలయి. సొరంగం వద్దని నేననను, మునుగోడు, మర్రిగూడ దిక్కు పోయి చూసినోడెవ్వడూ అనడు. కానీ హెలికాప్టర్ పెట్టి భూమి పొరల సర్వే చేపిచ్చింది అంతా కూలినంక. ముందు చేపియ్యాల్సింది కాదా?

రోడ్డు సొరంగం కావాలని సంతకాలు అడిగే అన్నలు, పొడవెంతనో రాసుడు బంద్ చేయుండ్రి. బండి అంటుకుంటే పొగ ఎటు పోతది, మనిషి ఎటు పోతడు, రాయుండ్రి. అప్పుడు సంతకం పెడత. అందాకైతే తొమ్మిదిలోపు గేటు దాటుండ్రి, లేకుంటే మన్ననూర్ల పండుండ్రి.