దోసె తిరగేసినవాడికే నా ఓటు

నాయకుల్ని ఊరికే ఆడిపోసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2024 ఎండల్లో మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఒక అభ్యర్థి గారు దోసె వేయడం కళ్ళారా చూసినవాణ్ణి నేను. పెనం మీద పిండి అచ్చం ఆంధ్రప్రదేశ్ మ్యాపులా పడింది, అదీ విభజనకు ముందు మ్యాపు. ఫొటోగ్రాఫర్ "అన్నా, ఇంకోసారి" అన్నాడు, తిరగేశారు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ తిరగేశారు. ఏడోసారికి అది బొగ్గయింది. సాయంత్రానికి నా వాట్సాప్‌లో బంగారు రంగు దోసె, స్లో మోషన్‌లో, వెనక డప్పు పాట! ప్రత్యర్థి ఊరుకుంటాడా, పక్క వీధిలో ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

రోడ్‌షోలు ఇరుకు సందుల్లోనే ఎందుకు పెడతారని వెటకారం చేస్తారు కొందరు. మైదానంలో పల్చగా కనపడే ఐదొందల మంది సందులో, పైనుంచి డ్రోన్ తీస్తే, జనసంద్రం అవుతారు. ఎన్టీఆర్ చైతన్యరథం మీద తిరిగిన రోజుల్లో డ్రోన్ లేదు పాపం, నిజంగానే జనం రావాల్సి వచ్చేది.

ఇక సర్వేలు. పొద్దున ఒక టీవీ లోగోతో ఈయన గెలుస్తున్నాడని, మధ్యాహ్నం అదే లోగోతో ఆయన గెలుస్తున్నాడని. రెండూ పంపింది మా బాబాయే. ఇదేంటి బాబాయ్ అంటే, "ఎవరు గెలిచినా ముందే చెప్పానని ఉంటుంది కదరా" అన్నాడు. సర్వే చేసేవాడికి మన అభిప్రాయంతో పనేముంది, ఓటు మురిగిపోకూడదన్న మన భయం చాలు, గెలిచే గుర్రం ఏదో చెప్తే మనమే వెళ్ళి ఎక్కుతాం.

చట్టమంటే మాత్రం అందరికీ గౌరవమే. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే టైముకి 48 గంటల ముందు ప్రచారం ఆగాలి కదా, సెకను తేడా లేకుండా మైకులు ఆగాయి. ఆ రాత్రి కవర్లు కూడా నిశ్శబ్దంగానే పంచారు.

నా టెన్షనల్లా దోసె గురించే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు, టీకి, టిఫిన్‌కి, కుర్చీకి, షామియానాకి అధికారులు కట్టిన రేట్ల ప్రకారం లెక్క చూపాలి. మాడిన దోసెకి రేటెంత? బండి అక్కని అడిగితే పిండి డబ్బా పక్కనున్న అరువు పుస్తకం తీసి చూపించింది. "క్యాండిడేటు గారు, దోసె 1, రూ. 40."

అంటే ఆయనకి ఇంకా 39,99,960 రూపాయలు ఖర్చుపెట్టుకునే వీలుందన్నమాట.