పెళ్లి మేళంలో కుర్ర విద్వాంసులు

మనలో చాలామంది టికెట్ కొనుక్కుని కచేరీకి వెళ్లరు. అయినా శాస్త్రీయ సంగీతం ఏడాది పొడవునా మన చెవిన పడుతూనే ఉంటుంది. పెళ్లిలో, గృహప్రవేశంలో, గుడి ఉత్సవంలో సన్నాయి మేళం ఉండాల్సిందే. గుమ్మానికి మామిడి తోరణం ఉన్నట్టే అదీ ఉంటుంది, అంతకుమించి దాన్ని పట్టించుకోం. మంచి కుర్ర కళాకారులు మన ఎదురుగానే కూర్చుని కూడా మెచ్చుకోలుకు నోచుకోని చోటు ఇదేనని నాకనిపిస్తుంది.

ఆ మధ్య బంధువుల పెళ్లిలో తలంబ్రాలయ్యాక జనం భోజనాలకు కదిలారు. మేళంలో పెద్దాయన మంచినీళ్లకు లేస్తే, పక్కనున్న కుర్రాడు నాదస్వరం అందుకుని ఖరహరప్రియ రాగం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. షడ్జం (స) దగ్గర కాసేపు నిలబడి, తొందరపడకుండా ఒక్కో స్వరం మీదుగా పైకి వెళ్లాడు. నిషాదం (ని) దగ్గర కొంచెం శ్రుతి తప్పింది. ఆగి, నాదస్వరం కొసన ఊదే పీకను పెదాలతో తడిపి సర్దుకుని, మళ్లీ అక్కడికే వచ్చి ఈసారి గట్టిగా పట్టుకున్నాడు. డోలు వాయించే ఆయన ‘భేష్’ అన్నట్టు తలూపాడు. అంతలో ఎవరో వచ్చి సినిమా పాట వాయించమన్నారు. కుర్రాడు దాన్నీ చక్కగానే వాయించాడు. సినిమా పాట అడగడం తప్పని నేను అనను, చాలామందికి రాగం పరిచయమయ్యేదే అలా. ఆలాపన పూర్తయ్యేదాకా రెండు నిమిషాలు ఆగి ఉంటే ఎంత బాగుండేది!

నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. మీటలేమీ ఉండవు. మధ్య స్వరాలు, గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) అన్నీ ఊపిరి బలంతో, పెదాల బిగువుతో, వేలిని రంధ్రం మీద కొద్దిగా జరిపి పలికించాలి. డోలు సంగతీ అంతే. ఒక చేతికి పుల్ల, మరో చేతి వేళ్లకు గట్టి తొడుగులు పెట్టుకుని గంటల తరబడి వాయించాలి. ఇరవై ఏళ్లు నిండకముందే ఇది ఇంత బాగా పట్టుబడిందంటే వెనుక ఎంత సాధన ఉండాలి?

అదే కుర్రాడి నిమిషం వీడియో ఫోన్‌లో కనిపిస్తే ‘అద్భుతం’ అని రాసి పదిమందికి పంపిస్తాం. అది మంచిదే, కాదనను. కానీ ఆ మెచ్చుకోలుతో అతని విద్య పెరగదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విషయమే చూడండి. ఆరేళ్లప్పుడు తన తండ్రిగారి మాండొలిన్‌ను చేతికి తీసుకున్నాడు. పిల్లవాడిలో పస ఉందని గమనించిన తండ్రి సత్యనారాయణ తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గరే పాఠానికి పెట్టారు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించేసరికి లోకం నోరు తెరిచింది. అంతకుముందే ఆ పిల్లవాడు వాయించిన ప్రతి పలుకునూ శ్రద్ధగా విన్న పెద్దవాళ్లు ఇద్దరున్నారన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

నాదస్వరంలో మనకు అంత గొప్ప పేరు షేక్ చినమౌలానా. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టి, తంజావూరు బాణీ (వాయించే శైలి) పట్టుదలగా నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ప్రకాశం జిల్లాలో తరతరాలుగా సన్నాయి పట్టుకున్న ముస్లిం కుటుంబాల విద్వత్తు అది. ఆయన ఊరి పేరు ఇవాళ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

పెళ్లికి లక్షలు పోసి, మేళం దగ్గరికి వచ్చేసరికి బేరమాడతాం. డీజే సౌండ్ పక్కనే పెట్టి వాళ్లను ఊదమంటాం. ఇది మార్చడానికి ప్రభుత్వ పథకమేమీ అక్కర్లేదు. ముహూర్తానికి ముందు ఓ అరగంట డీజే ఆపేసి, ఆ కుర్రవాళ్లను నచ్చిన రాగం వాయించుకోమంటే చాలు. మైకులో వాళ్ల పేర్లు, గురువు పేరు చెప్పించవచ్చు. శుభలేఖలో విందు గురించి వేస్తున్నాం కదా, మేళం వారి పేర్లకూ ఓ వరుస ఇవ్వొచ్చు. డబ్బు కూడా జట్టు మొత్తానికి కలిపి పెద్దాయనకు ఇచ్చి ఊరుకోకుండా, బాగా వాయించిన చిన్నవాడి చేతికి విడిగా తాంబూలంలో పెట్టి ఇవ్వాలి. ఏం రాగం వాయించావు నాయనా అని అడిగి మరీ ఇవ్వాలి.