గోడ మీదికి నవగుంజరం రావాలి

మన సంఘం హాలుకి రంగులు వేయించాక, ఖాళీ గోడకి ఏ బొమ్మ పెడదామన్న మాట వచ్చింది. కుర్రాళ్లు ఫోన్లో చూపించిన ప్రింట్లన్నీ ఒక్క తీరే. స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టినట్టు పావురం, ముక్కున ఆకు, కిందికి కారిన నాలుగు రంగు చారలు. చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ ఏదీ మనసుకి ఆనలేదు.

పావురం మీద నాకు కోపం లేదు. చిత్రకారుడు పికాసో రాతి అచ్చులో (లితోగ్రాఫ్) వేసిన పావురం 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టరుకి ఎక్కేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లే. చూసినవాళ్లకి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పాలస్తీనాలోని బెత్లెహేములో గోడ మీద, వీధి గోడల చిత్రకారుడు బాంక్సీ వేసిన పావురానికి ముక్కున ఆలివ్ రెమ్మ ఉంది, ఒంటికి తూటాలు ఆపే జాకెట్టు ఉంది, సరిగ్గా గుండె మీద తుపాకి గురి ఉంది. ఆ గురి వల్లే ఆ పిట్ట మనల్ని కదలనివ్వదు. జాకెట్టు తీసేసి, గురి చెరిపేసి, సోఫాకి మ్యాచింగ్‌గా అచ్చేస్తే మిగిలేది ఉత్త పక్షి.

ఒడిశాలోని మన బరంపురంలో జంతువు బొమ్మ గోడ కన్నా ముందు ఒంటి మీదికే ఎక్కుతుంది. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో మొక్కున్నవాళ్లు పులి వేషం కడతారు. పసుపు రంగు మీద నల్ల చారలు దిద్దుతుంటే, కుంచె చల్లదనానికి కుర్రాడు పొట్ట లోపలికి లాక్కుంటాడు. కాసేపటికి ఆ పులే వీధులన్నీ ఆడి, అమ్మవారి ముందు తల వంచుతుంది. శాంతి అంటే నా కళ్లకి కట్టేది అదే.

అంతకన్నా గొప్ప బొమ్మ మన ఒడియా ఇరుగుపొరుగు దగ్గరుంది. 15వ శతాబ్దంలో సారళా దాసు ఒడియాలో చెప్పిన మహాభారతంలో, కొండ మీద తపస్సు చేస్తున్న అర్జునుడికి నవగుంజరం అనే ఓ వింత మృగం ఎదురవుతుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. ఏనుగు కాలొకటి, పులి కాలొకటి, జింక కాలొకటి. నాలుగో కాలు ఉండాల్సిన చోట తామర పట్టుకున్న మనిషి చెయ్యి! అర్జునుడు విల్లందుకుంటాడు. ఆ చెయ్యి చూసి ఆగిపోతాడు. వచ్చినవాడు కృష్ణుడేనని తెలిసి, విల్లు వదిలి మొక్కుతాడు. ఒడిశా సంప్రదాయ బొమ్మలైన పటచిత్రాల్లో ఈ నవగుంజరాన్ని నేటికీ వేస్తున్నారు.

ఇందులో పులి గోళ్లు పులికే ఉన్నాయి. దాని నోటికి ఆహారమయ్యే జింక కూడా అదే ఒంట్లో ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుతూ తరాలుగా ఇక్కడే బతుకుతున్న మనకి ఈ మృగం కొత్తేమీ కాదు.

అందుకే కమిటీ పెద్దలకి నా మనవి. ఒక పటచిత్ర కళాకారుణ్ణి పిలిపిద్దాం. ఆయన గీత గీస్తే మన కుర్రాళ్లే స్టెన్సిల్ కోసి స్ప్రే కొడతారు. దాన్నే ప్రింట్లు తీయించి ఇంటింటికీ ఇద్దాం. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. పక్కన అర్జునుడు ఉండాలి, చేతిలో విల్లు సగం దించి ఉండాలి.