పెళ్లయిందా? అయితే వెళ్లిపోండి

డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. జపాన్ దాడితో అల్లాడుతున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లలో ఆయన ఒకరు. మిగతావాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, ఆయన రాలేదు. మరి గువో చింగ్‌లాన్ పేరు ఎంతమంది విన్నారు? ఆమె నర్సింగ్ పాఠాలు చెప్పే టీచర్. ఆపరేషన్ చేస్తూ వేలు తెగి, ఆ ఇన్‌ఫెక్షన్‌తోనే 1939లో చనిపోయిన కెనడా సర్జన్ నార్మన్ బెతూన్ సమాధి ఆవిష్కరణలో ఇద్దరూ కలిశారు. 1941 చివర్లో పెళ్లి. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. యిన్‌హువా అని పేరు పెట్టారు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. ఆ డిసెంబరు 9న మూర్ఛలతో కోట్నిస్ చనిపోయారు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు.

ఇలాంటి ప్రేమల్ని 'పరిస్థితులు కలిపిన జంట' అని తేలిగ్గా తీసేస్తుంటారు. నాకైతే అది తప్పుగానే తోస్తుంది. మామూలు రోజుల్లో మనం ఎదుటివాళ్లకు మన మంచి ముఖమే చూపిస్తాం. నిద్ర లేక చిరాకుపడటం, బతకడనుకున్నవాణ్ని పక్కకు పెట్టి తర్వాతివాడి దగ్గరకు వెళ్లడం, ఆ తర్వాత చేతులు కడుక్కుంటూ మాట రాక నిలబడటం... యుద్ధ ఆసుపత్రిలో పక్కన పనిచేసేవాళ్లు ఇవన్నీ ముందే చూసేస్తారు. ఆ రోజు ఏం జరిగిందో ఒకరికొకరు విడమర్చి చెప్పుకోవాల్సిన పనే ఉండదు.

కానీ సైన్యాలు ఈ పెళ్లిళ్లను చూసిన తీరు వేరు. అమెరికా సైన్యంలో నర్సు పెళ్లి చేసుకుంటే కొలువు వదులుకోవాల్సిందే. రెండో ప్రపంచయుద్ధంలో నర్సులకు కరువొచ్చాక, 1942లో ఆ నియమాన్ని సడలించారు. కరువొస్తే పోయే నియమానికి సూత్రం అని పేరెందుకు?

మన దగ్గర కథ ఇంకా పొడుగు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో పెళ్లిని తొలగింపుకు కారణంగా చూపే 1977 నాటి ఉత్తర్వు 1995 దాకా నడిచింది. ఒక సైనికాధికారిని పెళ్లాడినందుకు ఒక లెఫ్టినెంట్‌ను 1988లో ఇంటికి పంపించేశారు. పెళ్లి చేసుకున్నది ఇద్దరు, ఉద్యోగం పోయింది ఒకరికి. ఆ నియమం నిరంకుశమైనదని, అది లింగవివక్షేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తేల్చి, 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. 36 ఏళ్లు!

అధికారులకు కొంత టెన్షన్ ఉంటుంది, కాదనను. భార్యాభర్తల్లో ఒకరు ఇంకొకరి కింద పనిచేస్తే, ఎవరిని ముందుకు పంపాలన్న నిర్ణయం వంకర పోవచ్చు. దానికి వేరే యూనిట్‌లో పోస్టింగ్ ఇస్తే సరిపోతుంది. తీసెయ్యడమెందుకు?

గువో చింగ్‌లాన్‌ను పెళ్లయ్యాక ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. ఆ కాపురం ఏడాదే. కొడుకు కూడా మెడిసిన్ చదువుతూ 1967లో చనిపోయాడు. ఆమె 2012 దాకా బతికారు. మన పత్రికల్లో నేను చదివినంతలో, ఆ 70 ఏళ్లూ ఆమె పరిచయం 'కోట్నిస్ భార్య' అన్న రెండు మాటలే.