విశేషణాలు దట్టిస్తే వర్ణన అయిపోదు

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కథలు, అనుభవాలు రాయడం నేర్పే టీచర్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. ప్రతి వాక్యంలో రెండు విశేషణాలు పెట్టించండి, 50 ఉపమానాలు బట్టీ పట్టించండి, ప్రతి పేరాలో పంచేంద్రియాలూ రావాలి, అనుభవమైతే జరిగింది వరసగా రాస్తే చాలు అని. పాటించడం తేలికే, మార్కులు వేయడం ఇంకా తేలిక. పిల్లల రాత మాత్రం పాడవుతుంది.

"వాక్యానికి రెండు విశేషణాలు." "అందమైన పెద్ద చెట్టు కింద మంచి ముసలి తాత ఉన్నాడు." నాలుగు విశేషణాలున్నా కంటికేమీ ఆనదు. "చింతచెట్టు మొదట్లో తాత గొంతుక్కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు." ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, తాత కనిపిస్తున్నాడు. బొమ్మ కట్టేది ముందు చింతచెట్టు, వేపపుల్ల లాంటి పేరు, తర్వాత క్రియ. దిద్దేటప్పుడు ఉన్నాడు, వెళ్లాడు, వచ్చాడు అన్న మాటల కింద గీత గీయండి. ఎలా వెళ్లాడో నటించి చూపించమనండి. కుంటాడా, జారుకున్నాడా, దౌడు తీశాడా? ఒళ్లు కదిలాక మాట దొరుకుతుంది.

"ఉపమానాలు బట్టీ పట్టించండి." ముత్యాల్లాంటి పళ్లు అని కంఠస్థం చేసిన పిల్ల బోసినోటి అవ్వకూ అవే పెడుతుంది. ఉపమేయం, ఉపమానం లాంటి పేర్లు ఈ వయసుకు అక్కర్లేదు. సమానధర్మం, అంటే పోల్చే రెండిటిలోనూ ఉండే ఒకే గుణం, మాత్రం ముందే పట్టించాలి. తాత చెయ్యి ఎలా తగిలింది? గరుగ్గా. మీ ఇంట్లో ఇంకేం గరుగ్గా ఉంటుంది? గోనెసంచి, కొబ్బరిపీచు. అప్పుడు "తాత చెయ్యి గోనెసంచిలా గరుగ్గా తగిలింది" అని రాస్తారు. ఈ మెట్టు వదిలేస్తే "తాత చెయ్యి ఏనుగులా ఉంది" అని వస్తుంది. దాన్ని కొట్టేయకండి, ఏ విషయంలో అని అడగండి. "ముడతల్లో" అంటే ఆ వాక్యం నిలబడినట్టే.

"పేరాలో పంచేంద్రియాలూ రావాలి." ఒక్కో ఇంద్రియానికి ఒక గడి చొప్పున గీసే ఐదు గడుల పట్టిక పరిశీలన కోసం, రాత కోసం కాదు. బజ్జీల బండి గురించి పది నిమిషాలు గడులన్నీ నింపించండి, రాసేటప్పుడు రెండే ఉంచమనండి. శబ్దానికైతే తెలుగులో కొరతే లేదు. నూనె సలసల కాగుతుంది, అన్నం కుతకుత ఉడుకుతుంది, కన్నీళ్లు జలజల రాలతాయి, గాజులు గలగలమంటాయి. "అన్నం గలగల ఉడికింది" అని బోర్డు మీద రాసి పైకి చదివించండి, తప్పు చెవే పట్టేస్తుంది. పేరాకు ఇలాంటి మాట ఒకటి చాలు.

"అనుభవానికి వరస చాలు." లేచాం, బస్సెక్కాం, జాతరకెళ్లాం, తర్వాత, తర్వాత... వరస ఉంది, జాతర లేదు. ఆరు వాక్యాలు రాయించి, మనసులో మిగిలిన ఒక్కదాని కింద గీత గీయించండి. "తమ్ముడు తప్పిపోయాడు" అనుకుందాం. దాన్నే నాలుగు వాక్యాలు చేయాలి, మిగతా ఐదూ అలాగే ఉండాలి. అన్నీ పెంచేయడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. టికెట్టు కొనడానికీ నాలుగు వాక్యాలైతే తమ్ముడు వాటి మధ్య నిజంగానే తప్పిపోతాడు. పెంచితే ఇలా ఉండాలి: "రంగులరాట్నం దగ్గర వాడు చెయ్యి వదిలాడు. తిరిగి చూస్తే ఎటు చూసినా ఎర్ర చొక్కాలే. ఒకణ్ని భుజం పట్టి తిప్పితే ఎవరో పిల్లాడు. చిన్నా అని అరిచాను, బూరల మోతలో నా గొంతు నాకే వినపడలేదు." చివర్న "నాకు చాలా భయమేసింది" అని చేర్చబోతే అక్కడే ఆపండి.