దిక్కు తెలియకపోవడం వేరు, చోటు అక్కర్లేకపోవడం వేరు: ఒక సబ్‌వూఫర్ సందేశానికి ఖండన

విశాఖపట్నం మధురవాడలో కొత్త ఫ్లాటులో చేరిన మా బావగారు ఒక ఏవీ రిసీవరు (టీవీ, డిస్కుల ధ్వనిని స్పీకర్లకు పంచే ఆంప్లిఫయరు), అయిదు స్పీకర్లు, బేస్ అనే మంద్ర స్వరాలకోసం ఒక సబ్‌వూఫరు (పొట్టిగా సబ్) కొన్నారు. వాటిని అమర్చుకోవడానికి పెట్టెలో వచ్చిన పుస్తకాన్ని పక్కన పెట్టి, వాట్సాప్‌లో తనకు చేరిన ఒక సందేశాన్ని నమ్ముకున్నారు. అదే సందేశం ఆ వారంలోనే మా అపార్ట్‌మెంటు గ్రూపులోకీ వచ్చింది. దాని సారాంశం ఇది: బేస్‌కు దిక్కు లేదు కనుక సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టినా ఒకటే, మూల అయితే మరీ మంచిది, రిసీవరులో స్పీకర్లన్నిటినీ 'లార్జ్' అని పెట్టి, సబ్ వెనుక ఉన్న క్రాస్ఓవర్‌ను (ఏ స్వరానికి పైన కత్తిరించాలో చెప్పే నాబ్‌ను) 50 హెర్ట్జ్ దగ్గర ఉంచాలి, గెయిన్ పూర్తిగా తిప్పాలి, ఫేజ్ మీటను (సబ్ తరంగాన్ని తలకిందులు చేసే స్విచ్చిని) ముట్టుకోనక్కర్లేదు, ఖరీదైన కేబులును వై ఆకారంలో చీల్చి రెండు ఇన్‌పుట్లకూ ఇవ్వాలి, రిసీవరు లేనివారు ఆంప్లిఫయరు స్పీకరు తీగలనే ఆర్‌సీఏ పిన్నుకు (చిన్న సంకేతాలు అందుకునే ఇన్‌పుట్‌కు) కలిపేయవచ్చు, గుయ్‌మని మోత వస్తే ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయాలి. వీటిలో మొదటిది సగం నిజం. చివరి రెండూ ప్రమాదకరం.

సగం నిజంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన తప్పులు చాలావరకు దానినుంచే పుట్టాయి. సుమారు 80 హెర్ట్జ్ కంటే దిగువ ధ్వని గదిలో ఏ వైపునుంచి వస్తున్నదో మన చెవి పోల్చుకోలేదన్నది స్థూలంగా సరైన మాటే, సినిమా ధ్వని నాణ్యతకు పెట్టిన టీహెచ్ఎక్స్ ప్రమాణం స్పీకర్లకూ సబ్‌కూ మధ్య సరిహద్దును 80 హెర్ట్జ్ దగ్గర గీయడానికి ఉన్న కారణాలలో అదొకటి. అయితే సబ్‌వూఫరు ఆ స్వరాన్ని మాత్రమే పలకదు. ధ్వనిని పుట్టించే కోను ఎక్కువగా ఊగినప్పుడు పుట్టే వక్రీకరణ, పెట్టెకున్న పోర్టు రంధ్రంలోంచి గాలి బుసకొట్టే చప్పుడు, పక్కనున్న షోకేసు అద్దం గలగల, ఇవన్నీ 80 హెర్ట్జ్‌కు చాలా పైన ఉంటాయి, వాటి దిక్కు చెవికి చక్కగా తెలుస్తుంది. ఆర్కే బీచ్‌లో నిలబడినప్పుడు హార్బరు వైపునుంచి ఓడ కూత వినబడితే మనం తడబడకుండా అటే తల తిప్పుతాం. 200 మీటర్లూ అంతకు మించిన పొడవూ ఉన్న ఓడల కూతకు మూల పౌనఃపున్యం 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలని అంతర్జాతీయ సముద్రయాన నిబంధనలు చెబుతున్నాయి. అంత మంద్రమైన కూతకు కూడా దిక్కు దొరకడానికి ఆరుబయట గోడలు లేకపోవడం ఒక కారణం, ఆ కూతలో కలిసి ఉండే పై స్వరాలు మరొక కారణం. సోఫా వెనుక దాచిన సబ్ పూర్తి గొంతుతో పలికినప్పుడు దానిని పట్టించేవి కూడా ఆ పై స్వరాలే.

దిక్కు మాట అలా ఉంచి, అసలు తర్కంలోనే లోపం ఉంది. ధ్వని ఎటునుంచి వచ్చిందో తెలియనంత మాత్రాన అది గదిలో అన్నిచోట్లా ఒకేలా వినబడుతుందని అర్థం కాదు. 28 డిగ్రీల వేడిలో, అంటే మన ఊళ్లో మామూలు రోజున, ధ్వని సెకనుకు సుమారు 348 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం 8.7 మీటర్లు, 80 హెర్ట్జ్‌ది 4.35 మీటర్లు. మా బావగారి హాలు పొడవు 15 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. అంత పెద్ద తరంగం అంత చిన్న గదిలో ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని నిలిచిపోతుంది, దానినే స్థిర తరంగం అంటారు, అలా నిలిచే స్వరం ఆ గది అనునాదం. ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే అది ఏ స్వరం దగ్గర మొదలవుతుందో తెలుస్తుంది: ఆ హాలు పొడవుకు 38 హెర్ట్జ్, వెడల్పుకు 48, ఎత్తుకు 57. హాలు ఒకవైపు భోజనాల గదిలోకి తెరుచుకుని ఉంటే ఈ అంకెలు కొంత మారతాయి గాని స్వభావం మారదు.

స్థిర తరంగంలో పీడనం గోడల దగ్గర గరిష్ఠంగా, మొదటి అనునాదానికైతే సరిగ్గా మధ్యలో దాదాపు శూన్యంగా ఉంటుంది. అందుచేత ఆ హాలులో సోఫా నడుమ కూర్చున్న బావగారికి 48 హెర్ట్జ్ స్వరం దాదాపు వినబడదు, అదే సోఫాకు అటూ ఇటూ చివర్లలో కూర్చున్న పిల్లలకు అదే స్వరం గుమ్మని మోగుతుంది. బేస్ చాలడం లేదని ఆయన రిమోటుతో పెంచుతారు, చెవులు పగులుతున్నాయని పిల్లలు గొణుగుతారు, ఇద్దరి ఫిర్యాదూ న్యాయమైనదే. సబ్‌ను మూల పెడితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటి అనునాదాలూ ఒకేసారి గట్టిగా మేల్కొంటాయి. సందేశం దీనినే 'మరీ మంచిది' అంటున్నది. బేస్ మొత్తంమీద ఎక్కువవుతుందన్నది నిజమే, కానీ ఎక్కువయ్యేది ఆ మూడు నాలుగు స్వరాల దగ్గర, అందువల్ల మృదంగమైనా డోలైనా ఒకటే గుమ్‌గుమ్‌గా వినబడతాయి. అదే సబ్‌ను టీవీ గోడకు నట్టనడుమ ఉంచితే అది వెడల్పు అనునాదపు శూన్యబిందువు దగ్గర ఉన్నట్టే కనుక 48 హెర్ట్జ్ అనునాదాన్ని రేపలేదు, సోఫా మీద కూర్చున్న ముగ్గురికీ దాదాపు ఒకే బేస్ అందుతుంది.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అంతర్జాలంలో దొరికే సలహాలలో అధికభాగం చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించి కట్టే అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ గోడలు తామే కొద్దిగా ఊగి బేస్‌ను కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. సీతమ్మధారలోనైనా గాజువాకలోనైనా మనవి ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబులు, టైల్సు నేల. ఇవి బేస్‌ను గదిలోనే బంధించి తిరిగి మన మీదికే విసురుతాయి. కాబట్టి చోటు ఎంపిక అక్కడికంటే ఇక్కడే ఎక్కువ పట్టింపు.

చోటు వెతకడానికి పాత ఉపాయం ఒకటుంది, చూసేవారికి నవ్వు వస్తుంది గాని పనిచేస్తుంది. సబ్‌ను తీసుకెళ్లి మనం కూర్చునే సోఫా మీదనే పెట్టి, బేస్ స్వరాలు పైకీ కిందికీ నడిచే పాట ఒకటి మళ్లీ మళ్లీ మోగిస్తూ, దానిని పెట్టడానికి వీలున్న చోట్లలో మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ప్రతి స్వరమూ సమానంగా, విడివిడిగా ఎక్కడ వినబడుతుందో అక్కడ సబ్‌ను ఉంచాలి. ధ్వని పుట్టే చోటునూ వినే చోటునూ తారుమారు చేసినా ఫలితం ఒకటే ఉంటుందన్న సూత్రం మీద ఇది ఆధారపడింది. డబ్బు వెచ్చించగలిగినవారికి ఒక పెద్ద సబ్ కంటే రెండు మధ్యరకం సబ్‌లు మేలు: హర్మన్ సంస్థలో టాడ్ వెల్టి 2002లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, దీర్ఘచతురస్రాకారపు గదిలో ఎదురెదురు గోడల నడుమ ఒక్కొక్కటి పెట్టిన రెండు సబ్‌లు కూర్చునే చోట్ల మధ్య తేడాలను బాగా తగ్గిస్తాయి, నాలుగు దాటితే చెప్పుకోదగ్గ లాభం లేదు.

ఇక రెండో మాట. స్పీకర్లను 'లార్జ్' అని పెడితే రిసీవరు వాటి బేస్‌ను వాటికే పంపుతుంది, సబ్‌కు అందేది డిస్కులోనో ప్రసారంలోనో విడిగా ఉన్న ఎల్ఎఫ్ఈ చానెలు (సినిమాల్లో బేస్ ప్రభావాలకు కేటాయించినది) ఒక్కటే. పాటలు రెండు చానెళ్లలోనే ఉంటాయి కనుక అప్పుడు సబ్ మౌనంగా కూర్చుంటుంది; 'ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్' అని మార్చితే ఒకే బేస్‌ను స్పీకర్లూ సబ్బూ రెండూ పలికి గజిబిజి చేస్తాయి. 'స్మాల్' అన్న మాట అవమానం కాదు, అది స్పీకరు పరిమాణం గురించిన తీర్పు కూడా కాదు. ఈ సరిహద్దుకు దిగువన ఉన్న బేస్‌ను సబ్‌కు పంపించు అన్న ఆదేశం మాత్రమే. అయిదు అంగుళాల వూఫరుకు 40 హెర్ట్జ్ పలికే శ్రమ తప్పితే అది మాటలను మరింత స్పష్టంగా పలుకుతుంది, ఆంప్లిఫయరుకూ భారం తగ్గుతుంది. సరిహద్దు 80 దగ్గర మొదలుపెట్టవచ్చు. మరీ చిన్న స్పీకర్లయితే 100 లేదా 120 అవసరం కావచ్చు, అప్పుడు సబ్ ముందు స్పీకర్లకు దగ్గరగా ఉండాలి.

రిసీవరు ఇలా పంచిపెట్టిన తరువాత సబ్ వెనుక ఉన్న క్రాస్ఓవర్ నాబ్‌కు పని లేదు. దానిని పూర్తిగా పైకి తిప్పాలి, లేదా ఎల్ఎఫ్ఈ అని రాసి ఉన్న స్థానంలో ఉంచాలి. సందేశం చెప్పినట్టు 50 దగ్గర ఉంచితే, రిసీవరు 80 వరకు పంపిన బేస్‌ను సబ్ 50 దగ్గరే కత్తిరిస్తుంది, మధ్యలో ఉన్న స్వరాలు ఎవరికీ చెందని ఊరిహద్దు పొలంలా మిగిలిపోతాయి. ఎల్ఎఫ్ఈ చానెలే 120 హెర్ట్జ్ వరకు ఉంటుంది కనుక అందులోనూ సగానికి పైగా పోతుంది. ఆ నాబ్ అవసరమయ్యేది రిసీవరు లేని స్టీరియో వ్యవస్థలోనే.

గెయిన్ అంటే శక్తి అనుకోవడం మరో పొరపాటు. సబ్ లోపలి ఆంప్లిఫయరు సామర్థ్యం ఎంతో అంతే ఉంటుంది. గెయిన్ నాబ్ మార్చేది ఎంత చిన్న సంకేతానికి అది ఎంత స్పందించాలన్నది మాత్రమే. సగం దగ్గర పెట్టి, రిసీవరు మైకుతో చేసే కొలతను నడపాలి. కొలత తరువాత సబ్ స్థాయి మైనస్ 12 అని అంచుకు తగిలి కనబడితే గెయిన్ ఎక్కువైందని అర్థం, తగ్గించి మళ్లీ కొలవాలి. అదే కొలతలో సబ్ దూరం టేపుతో కొలిచినదానికంటే బాగా ఎక్కువగా చూపవచ్చు. అది తప్పు కాదు, సబ్ లోపలి వడపోతల వల్ల కలిగే ఆలస్యాన్ని రిసీవరు అడుగులలో చెబుతున్నదన్నమాట, దానిని 'సరిదిద్దకూడదు'.

ఫోనులోని డెసిబెల్ యాప్‌తో సబ్‌ను కొలిచి 45 మాత్రమే ఉందని ఊరట పడేవారికి ఒక మాట. ఆ యాప్‌లు సాధారణంగా వాడే ఎ-తూనిక (మన చెవిలాగే బేస్‌ను తక్కువగా లెక్కించే కొలత) 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెళ్లు తగ్గించి చూపుతుంది, 31.5 దగ్గర 39 తగ్గిస్తుంది. నివాస ప్రాంతాలకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన పగలు 55, రాత్రి 45 పరిమితులు కూడా ఆ తూనికలోనే ఉన్నాయి కనుక, మీటరు ప్రకారం మీరు నిర్దోషులై ఉండగానే కింది ఫ్లాటువారి వంటింటి గిన్నెలు మోగవచ్చు. యాప్‌లో బేస్‌ను అంతగా తగ్గించని సి-తూనిక ఉంటే సబ్‌కు అదే వాడాలి.

ఫేజ్ మీటను ముట్టుకోనక్కర్లేదనడానికి ఏ ఆధారమూ లేదు. 80 హెర్ట్జ్ తరంగంలో సగం 2.2 మీటర్లు, అంటే సబ్ స్పీకర్లకంటే అంత దగ్గరగానో దూరంగానో ఉంటే సరిహద్దు దగ్గర రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒకరు సోఫాలో కూర్చోవాలి, ఇంకొకరు 80 హెర్ట్జ్ స్వరం మోగుతుండగా మీటను 0 నుంచి 180కి మార్చాలి, ఏది బిగ్గరగా వినబడితే అదే సరైనది. రెండు నిమిషాల పని.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇక్కడ ప్రయాణించేది తక్కువ పౌనఃపున్యపు చిన్న సంకేతం; మంచి తొడుగు అల్లిక ఉన్న మామూలు ఆర్‌సీఏ కేబుల్ చాలు. వై చీలిక వల్ల స్థాయి గరిష్ఠంగా 6 డెసిబెళ్లు పెరుగుతుంది, నాణ్యత పెరగదు, ఆ పని గెయిన్ నాబే చేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో పిన్నుల మీద తుప్పు పేరుకుంటుంది కాబట్టి ఏడాదికొకసారి ఊడదీసి తుడిచి మళ్లీ గుచ్చడం ఏ ఖరీదైన కేబుల్ కంటేనైనా ఉపయోగకరం.

స్పీకరు తీగను ఆర్‌సీఏ పిన్నుకు కలపమనడం మాత్రం పరికరాన్ని కాల్చుకోమనడమే. 8 ఓమ్‌ల స్పీకరుకు 100 వాట్లు అందిస్తున్న ఆంప్లిఫయరు 28 వోల్టులు ఇస్తుంది, ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఎదురుచూసేది ఒకటి రెండు వోల్టులు. పైగా కొన్ని డిజిటల్ ఆంప్లిఫయర్లలో నల్ల టెర్మినలు భూమి కాదు, దానిని ఆర్‌సీఏ తొడుగుకు తాకిస్తే ఆంప్లిఫయరే పోతుంది. స్పీకరు తీగలను తీసుకోవడానికి చాలా సబ్‌లకు వేరే టెర్మినళ్లు ఉంటాయి, వాటినే వాడాలి. అవి లేని సబ్‌కు స్థాయిని తగ్గించే లైన్ కన్వర్టరు కావాలి, అప్పుడు కూడా నల్ల టెర్మినలు సంగతి ఆంప్లిఫయరు పుస్తకంలో చూసుకోవాలి.

చివరిగా ఎర్త్ పిన్ను. సబ్ గుయ్‌మనడానికి సర్వసాధారణ కారణం గ్రౌండ్ లూప్: రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో భూమికి కలిసి ఉంటే ఆ వలయంలో మన 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహించి, 50, 100 హెర్ట్జ్ మోతగా వినబడుతుంది. పిన్ను తీసేస్తే వలయం తెగి మోత ఆగవచ్చు, సందేశానికి ప్రచారం వచ్చింది అందువల్లనే. కానీ ఏ రోజైనా లోపల ఇన్సులేషను చెడి కరెంటు మోసే ఫేజ్ తీగ లోహపు పలకకు తాకితే, ఎర్త్ ఉన్న ఇంట్లో బ్రేకరు పడిపోతుంది, లేని ఇంట్లో ఆ పలకను ముట్టుకున్న మనిషి గుండా కరెంటు భూమికి చేరుతుంది. చేయవలసింది వేరే ఉంది: రిసీవరు, సబ్, టీవీ అన్నిటినీ ఒకే బోర్డునుంచి నడపాలి, అప్పటికీ మోత ఉంటే కేబుల్ టీవీ తీగను సెట్‌టాప్ బాక్సునుంచి ఊడదీసి చూడాలి, ఆగితే ఆ తీగకు ఐసొలేటరు (ఆ వలయాన్ని తెంచే చిన్న పరికరం) పెట్టాలి, ఆగకపోతే ఎలక్ట్రీషియనును పిలిచి ఇంటి ఎర్తింగును పరీక్షింపజేయాలి.

మా బావగారి ఇంట్లో ఎలక్ట్రీషియను దాకా వెళ్లనే లేదు. నేను వెళ్లేసరికి ఆయన స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ప్లగ్గు ముందు కూర్చుని ఉన్నారు. కేబుల్ టీవీ తీగ ఊడదీయగానే మోత ఆగిపోయింది, ఎర్త్ పిన్ను ప్లగ్గులోనే ఉంది.