పదిహేడేళ్ల సర్వీసుకు గ్యాప్ సర్టిఫికెట్ తెమ్మన్నారు

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు మా అన్నయ్య సంగతి. ఇంటర్ అయిన ఏడాదే భర్తీ ర్యాలీలో సెలెక్టయ్యి ఆర్మీలో చేరాడు. ఈఎంఈ, అంటే సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం. ట్రేడు వెహికల్ మెకానిక్. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత దేశం నలుమూలలా పోస్టింగులు. పదిహేడేళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చాడు. మా గిద్దలూరు వైపు ఇదేం వింత కాదులెండి, ఏ వీధిలో చూసినా సెలవుకొచ్చిన జవాను ఒకడు కనబడతాడు. ఇప్పుడు డిగ్రీ చేస్తానంటున్నాడు. చదువు మీద కొత్తగా పుట్టుకొచ్చిన ప్రేమేం కాదు. ఏ ఉద్యోగానికి అప్లై చేసినా ఆన్‌లైన్ ఫారంలో గ్రాడ్యుయేషన్ అనే గడి నింపకపోతే పేజీ ముందుకు కదలడం లేదు, అదీ అసలు బాధ.

సరే, టౌన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి వెళ్లాం. అన్నయ్యకు నోరు తక్కువ కాబట్టి నేనూ తోడు వెళ్లాను. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. కొత్త విద్యా విధానం, నైపుణ్యాలు, పరిశ్రమలతో అనుసంధానం, ఇంకా ఏవేవో. ప్రిన్సిపల్ ఫొటో చిన్నది, కరస్పాండెంట్ ఫొటో పెద్దది, అక్కడే అర్థం చేసుకోవాల్సింది.

అన్నయ్య ఫైలు తీసి పెట్టాడు. డిశ్చార్జ్ బుక్కు, ట్రేడ్ టెస్టుల కాగితాలు, కోర్సుల సర్టిఫికెట్లు, అన్నీ వరసగా ప్లాస్టిక్ కవర్లలో. ఆఫీసులో క్లర్కు రెండు పేజీలు తిప్పి ఫైలు వెనక్కి నెట్టేశాడు. "ఇవన్నీ ఎందుకండీ. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ, కాండక్ట్ తెండి. ఇంటర్ తర్వాత ఇన్నేళ్లు ఖాళీ ఉంది కదా, నోటరీ చేయించి గ్యాప్ సర్టిఫికెట్ ఒకటి పెట్టండి."

ఆ అఫిడవిట్‌లో ఏముంటుందో తెలుసా? ఈ కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు, ఎలాంటి చట్టవ్యతిరేక పనులూ చేయలేదు అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేయాలి. మా అన్నయ్య! పదిహేడేళ్లు ఎక్కడున్నాడో, ఏం చేశాడో, ఏ రోజు సెలవులో ఉన్నాడో కూడా భారత ప్రభుత్వం దగ్గర రాసి ఉంది. డిశ్చార్జ్ బుక్కులో నడవడిక అనేదానికి ఎదురుగా 'ఎగ్జెంప్లరీ', అంటే ఆదర్శప్రాయం అని ఉంది. అది చాలదట. ఇంటర్ చదివిన కాలేజీ నుంచి కాండక్ట్ సర్టిఫికెట్ కావాలట. ఆ కాలేజీ మూతపడి అక్కడిప్పుడు ఫంక్షన్ హాలు నడుస్తోంది. భోజనాల దగ్గర నిలబడి అడగాలేమో కాండక్ట్.

అయినా మావాడు మర్యాద వదల్లేదు. ప్రిన్సిపల్ గది దాకా వెళ్లి, నిలబడే అడిగాడు. "సార్, సర్వీసులో చేసిన ట్రైనింగ్‌కు, పనికి క్రెడిట్లు వేస్తారని విన్నాను. ఒక సంవత్సరమైనా తగ్గుతుందా సార్?" క్రెడిట్లంటే డిగ్రీ పూర్తవడానికి కూడబెట్టుకునే పాయింట్ల లాంటివి. ఆయన నవ్వాడు. "పేపర్లో సవాలక్ష రాస్తారు బాబూ. యూనివర్సిటీ నుంచి మాకు సర్క్యులర్ రావాలిగా." ఆ తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించి అన్న మాట వినండి. "మీరు ఫీజు కట్టేయండి. క్లాసులకు రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం. మిలిటరీవాళ్లు, మీకు ఆ మాత్రం చేయమా?"

అదీ సంగతి. చేసిన పనికి ఒక్క క్రెడిట్ ఇవ్వడానికి సర్క్యులర్ కావాలి. రాని మనిషికి మూడేళ్లు హాజరు వేయడానికి ఏ సర్క్యులరూ అక్కర్లేదు.

ఇది ఏదో ఆకాశం నుంచి ఊడిపడ్డ కోరిక అయితే నోరు మూసుకునేదాన్ని. నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ అని 2023లో కేంద్రం తెచ్చింది. బడి చదువు, కాలేజీ చదువు, చేతిపని, పని అనుభవం, అన్నిటినీ ఒకే కొలతలోకి తెస్తామంది. ఏడాదికి 1200 గంటల నేర్చుకోవడం, దానికి 40 క్రెడిట్లు. అంటే 30 గంటలకు ఒకటి. ఈ క్రెడిట్లు దాచుకోవడానికి 2021లోనే బ్యాంకు కూడా పెట్టారు, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. మావాడి ఖాతాలో సున్నా. ఏడాదికి 1200 గంటలట! లద్దాఖ్‌లో ఒక్క చలికాలం మావాడు మేలుకున్న గంటలు లెక్కేస్తే ఆ బ్యాంకు దివాలా తీస్తుంది.

అక్కడి పని గురించి వాడు ఎప్పుడో గానీ చెప్పడు. రాత్రి బండ్ల బ్యాటరీలు విప్పి గదిలో పెట్టుకునేవాళ్లట, బయట ఉంచితే పొద్దునకు చచ్చిపోతాయని. తెల్లారి బిగించి, చిక్కబడిన డీజిల్‌ను వేడిచేసి, ఒక్కో ట్రక్కునూ లేపేవాళ్లట. చేతికి తొడుగు లేకుండా స్పానర్ పట్టుకుంటే చర్మం దానికి అంటుకుపోతుందట. కాన్వాయ్ మధ్యలో బండి ఆగితే మెకానిక్‌కు ఫోన్ చేయడానికి లేదు, మెకానిక్ వీడే.

మొన్న మా బాబాయి ట్రాక్టరు పొగలు కక్కుతుంటే షెడ్డువాడు ఇంజిన్ దించాలన్నాడు. అన్నయ్య లుంగీ ఎగ్గట్టి కూర్చుని, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసి మళ్లీ బిగించాడు. మూడోది వదులు చేసినప్పుడు శబ్దంలో తేడా రాలేదు. "ఇదే పని చేయట్లేదు బాబాయ్, దీన్నొక్కదాన్నే మార్పించు" అన్నాడు. టీ చల్లారేలోపు తేలిపోయింది. ఇది చదువు కాదట. రేపు ఇదే సంగతి నోట్సులో రాసి పది మార్కుల ప్రశ్నగా ఇస్తే, బట్టీ పట్టి రాసినవాడిది చదువు.

"ట్రక్కులు బాగుచేయడానికీ బీకామ్‌కీ సంబంధం ఏమిటండీ" అని తెలివిగా అడగబోయేవాళ్లు కొంచెం ఆగండి. మన ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, దానికీ క్రెడిట్లున్నాయి. పని చేసే చోట ఎలా ఉండాలో తెలియాలని దాని ఉద్దేశం. చాలామంది పిల్లలు ఆ సర్టిఫికెట్లు ఎలా తెచ్చుకుంటున్నారో నేను చెప్పాలా? మా వీధిలోనే జిరాక్స్ షాపులో దొరుకుతున్నాయి. మా అన్నయ్య మాత్రం రూలు ప్రకారం వెళ్లి ఎక్కడో ఒక షోరూములో, ఇరవై రెండేళ్ల సూపర్‌వైజర్ కింద ఇంటర్న్‌గా నిలబడాలి. పని చేసే చోట ఎలా ఉండాలో నేర్చుకోవడానికి!

ఇంకా మండే సంగతి ఒకటుంది. ఎన్‌సీసీని ఎలెక్టివ్‌గా తీసుకుంటే 24 క్రెడిట్లు ఇవ్వొచ్చని 2021లో యూజీసీ చెప్పింది. మంచిదే, పిల్లలు పరేడ్ చేయాలి, క్యాంపులకు వెళ్లాలి. కానీ ఆ పిల్లలకు డ్రిల్లు నేర్పేది ఎవరు? రైఫిల్ విప్పి బిగించడం చూపించేది ఎవరు? సర్వీసులో ఉన్న హవల్దార్లు, సుబేదార్లే కదా. అన్నయ్య స్నేహితుడు ఒకాయన చివర్లో ఎన్‌సీసీ బెటాలియన్‌లో అదే పని చేశాడు. ఆయన దగ్గర 'సావధాన్, విశ్రామ్' నేర్చుకున్న కుర్రాడికి క్రెడిట్లు వచ్చే దారుంది. నేర్పినాయన రిటైరై ఇదే కాలేజీకి వస్తే గ్యాప్ సర్టిఫికెట్.

కేంద్రం నడిపే స్వయం పోర్టల్‌లో ఆన్‌లైన్ కోర్సులు చేస్తే ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. వీడియో డబుల్ స్పీడ్‌లో పెట్టి పక్కన రీల్స్ చూసుకునేవాళ్లు నా చుట్టూ ఉన్నారు. వాళ్లది నేర్చుకోవడం.

ఇక ఇంజనీరింగ్ కాలేజీల సంగతి ఎత్తకుండా ఉండలేను. అమీర్‌పేట వెళ్లి ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కుని, స్పైరల్ బైండింగ్ చేయించి, వైవాలో తడబడి, ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లు ఈ పోస్టు చదివేవాళ్లలోనే ఎంతమంది ఉన్నారో మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే ఫ్యాకల్టీని మనమంతా చూశాం. ఇన్ని అబద్ధాల మీద సంతకాలు పెట్టడానికి వణకని చెయ్యి, ఒక జవాను ట్రేడ్ సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి రూల్స్ బుక్కు వెతుక్కుంటుంది.

అటెండెన్స్ మాట వచ్చింది కాబట్టి నాదీ చెప్పేస్తాను, ఎన్నాళ్లని కడుపులో పెట్టుకోను. బీటెక్ మూడో సంవత్సరంలో మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. అన్నయ్యకు సెలవు దొరకలేదు, అమ్మకు టౌను తెలియదు, హాస్పిటల్లో ఉన్నది నేను. 75 శాతం ఉండాలి, 65 దాకా కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకంటే తగ్గితే డిటెయిన్. నాకు 65కు కొంచెం తగ్గింది. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు పట్టుకుని హెచ్‌వోడీ గది బయట నిలబడ్డాను. "రూల్స్ అమ్మా, మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. అదే సెమిస్టర్ మేనేజ్‌మెంట్‌వాళ్ల బంధువు కొడుకు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉండి, పరీక్షలకు మాత్రం వచ్చి, 82 శాతం అటెండెన్స్‌తో హాల్ టికెట్ తీసుకున్నాడు. నేను జూనియర్లతో కూర్చుని ఏడాది మళ్లీ చదివాను. ఈ రోజు ఆ ప్రిన్సిపల్ "అటెండెన్స్ మేం చూసుకుంటాం" అన్నప్పుడు నా చెవుల్లో పొగలొచ్చాయంటే ఎందుకో ఇప్పుడు అర్థమైందా? చూసుకోగలరు. అప్పుడూ చూసుకోగలిగేవాళ్లే. మనం ఎవరమన్నదే ప్రశ్న.

సరే, అన్నయ్య దగ్గరికొస్తాను.

తమాషా ఏంటంటే, పదిహేనేళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసిన టెన్త్ పాస్ మాజీ సైనికుడు, డిగ్రీ అడిగే గ్రూప్ సి కేంద్ర ఉద్యోగాలకు అర్హుడే అని కేంద్రం 1986లోనే ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఈ అనుభవం డిగ్రీకి సమానమని ప్రభుత్వమే ఒక మూల ఒప్పుకుంది. టెక్నికల్ అర్హతలు అడిగే పోస్టులకు అది పనికిరాదు. ఆ కాగితం పట్టుకుని ప్రైవేటు కంపెనీకి వెళ్తే హెచ్ఆర్ అమ్మాయి ఏ యూనివర్సిటీ అని అడుగుతుంది. ఎంబీఏలో చేరదామంటే దారే లేదు.

2022లో సైన్యంలో నాలుగేళ్ల సర్వీసు పెట్టి అగ్నిపథ్ తెచ్చినప్పుడు, అలా చేరే అగ్నివీర్ల కోసం దూరవిద్య నడిపే ఇగ్నో నుంచి మూడేళ్ల డిగ్రీ ప్రకటించారు. సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణ నుంచే. ఆ పిల్లలకు రావాల్సిందే, చాలామందిని నాలుగేళ్లకే ఇంటికి పంపిస్తారు మరి. కానీ నాలుగేళ్ల శిక్షణలో సగం డిగ్రీ ఉందని తెలిసిన పెద్దలకు, పదిహేడేళ్లలో ఎంతుందో లెక్క తెలియకుండా పోతుందా?

అమెరికా గొప్పలు చెప్పడం నాకు గిట్టదు గానీ, డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు చెప్పింది ఇది. అక్కడ సైనికుడు చేసిన కోర్సులన్నీ జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్ అనే ఒక్క కాగితం మీదికి వస్తాయట. ఏ శిక్షణకు ఎన్ని క్రెడిట్లు ఇవ్వొచ్చో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ వాళ్లు చేస్తున్న పని ఇది. తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం, అక్కడా ఎగ్గొట్టేవాళ్లున్నారు. కనీసం అడగడానికి ఒక కాగితం ఉంది. డల్లాస్‌లో ఉన్న ఈ పెద్దమ్మ కొడుకే, తన మూడేళ్ల బీఎస్సీని అక్కడ నాలుగేళ్ల డిగ్రీ కింద లెక్కించలేదని ఒకప్పుడు ఫ్యామిలీ గ్రూపులో వారం పాటు గగ్గోలు పెట్టాడు. మన చదువుకు విలువ లేదా, ఇది వివక్ష కాదా అని. ఇవాళ నేను అన్నయ్య సంగతి పెడితే మాత్రం "క్వాలిటీ కాంప్రమైజ్ కాకూడదు కదా" అన్నాడు. గ్రూపు మ్యూట్ చేశాను.

దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది మనమే. 1982లో, హైదరాబాద్‌లో. బడి గడప తొక్కనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు అందులో. కూలికి వెళ్తూ, బస్సు తోలుతూ ఆదివారం క్లాసులకు వచ్చినవాళ్లు. నలభై ఏళ్ల కింద ఉన్న ఆ పాటి గుండె ధైర్యం ఇప్పుడు ఏమైందో అడిగితే మళ్లీ సర్క్యులర్ అంటారు.

"ఇంత గొడవెందుకు, ఇగ్నోలో మామూలు బీఏ కట్టేయొచ్చుగా" అని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు. కట్టొచ్చు. మొదటి నుంచి మూడేళ్లు చదవొచ్చు. వాడు చదువుతాడు కూడా, వాడికి ఓపిక ఎక్కువ. నాకే లేదు.

కాబట్టి సలహాలు వద్దు. సర్వీసు ట్రైనింగ్‌ను లెక్కలోకి తీసుకుని, మార్కుల మెమో మీద క్రెడిట్లు వేసి ఇచ్చిన కాలేజీ గానీ యూనివర్సిటీ గానీ రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉంటే, మీవాళ్లకు నిజంగా వచ్చి ఉంటే, ఏ కోర్సు, ఎన్ని క్రెడిట్లు, ఎవరిని కలవాలి, ఇవి చెప్పండి. అడ్మిషన్ల గడువు దగ్గర పడింది.